అరవై దాటాక జ్ఞాపకశక్తి: సుడోకు ఒక్కటే సరిపోతుందా?

వేసవివాన
మతిమరుపు గురించి ఎక్కడ అడిగినా ఒకటే జవాబు వస్తోంది. "మెదడుకు పని పెట్టండి, సుడోకు చేయండి, గళ్ళనుడికట్టు పూరించండి, చురుగ్గా ఉండండి." చురుగ్గా ఉండటం అంటే ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు. రోజుకు గంటసేపు సుడోకు చేస్తే పేర్లు, తాళాలు, చెప్పిన మాటలు గుర్తుండటం నిజంగా మెరుగుపడుతుందా? మెదడు ఆటల యాప్‌కి ఏడాది చందా కట్టడం దండగేనా? ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు, ఏ పరీక్ష చేయించాలి, ఎక్కడ తేడా కొడుతుంది, ఇవి తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి. ఉత్త ధైర్యవచనాలు వద్దు.

లెక్కలపలక
సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది. అంతవరకే. 65 దాటిన 2,832 మందితో అమెరికాలో యాక్టివ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. కొందరికి జ్ఞాపకం పెంచే కిటుకులు, కొందరికి తర్కం, కొందరికి తెర మీద చూసి వేగంగా గుర్తుపట్టడం నేర్పారు. ఒక జట్టుకి ఏమీ నేర్పలేదు. నేర్పింది సుమారు పది క్లాసులే. ఎవరికి ఏది నేర్పారో అదే మెరుగైంది. తర్కం నేర్చినవాళ్ళకి పేర్లు బాగా గుర్తుండలేదు, పేర్ల కిటుకులు నేర్చినవాళ్ళకి తర్కం పెరగలేదు. పేర్లు గుర్తుండాలంటే పేర్లతోనే సాధన చేయాలి, అంకెల గళ్ళతో కాదు.

గళ్ళరాణి
లెక్కలపలక గారు సగమే చెప్పారు. అదే అధ్యయనంలో వేగం శిక్షణ తీసుకున్న జట్టులో పదేళ్ళ తర్వాత డిమెన్షియా, అంటే రోజువారీ పనులకే అడ్డొచ్చేంత మతి క్షీణత, తక్కువగా కనిపించింది. అదనంగా మళ్ళీ క్లాసులు తీసుకున్నవాళ్ళకి లాభం ఇంకా ఎక్కువ. కాబట్టి మెదడు ఆటలన్నీ దండగ అనేయడం తొందరపాటు.

లెక్కలపలక
ఆ ఫలితం నిజమే, కాదనను. కానీ ఆ శిక్షణ ఎలా ఉంటుందో చూడండి. తెర మధ్యలో ఒక బొమ్మ, అంచున ఇంకో బొమ్మ క్షణకాలం మెరుస్తాయి. రెండూ ఏమిటో, ఎక్కడున్నాయో చెప్పాలి. సరిగ్గా చెప్పేకొద్దీ మెరిసే సమయం తగ్గుతూ పోతుంది. అంటే ఎప్పుడూ మన పరిమితి అంచునే పని చేయిస్తుంది. పదేళ్ళుగా అలవాటైన సుడోకు అలా కాదు, చేతికి వచ్చేసిన పని. యాప్ కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: బాగా ఆడేకొద్దీ కష్టం తనంతట తానే పెరుగుతోందా? పెరగకపోతే అది కాలక్షేపం. కాలక్షేపం తప్పు కాదు, మందు మాత్రం కాదు.

గళ్ళరాణి
ఇది ఒప్పుకుంటాను. గళ్ళనుడికట్టులో కూడా పది ఆధారాల్లో పదీ వచ్చేస్తుంటే పై స్థాయికి మారాలి. ఏడెనిమిది వచ్చి రెండు మూడు దగ్గర తల గోక్కునేంత ఉంటే సరైన కష్టం. ఇంకా మంచిది కొత్త విద్య. భాష, వాద్యం, కుట్టుపని, తబలా ఏదైనా సరే, తప్పులు పడుతూ నేర్చుకునేది.

శ్రుతిపేటిక
అందరూ మెదడు దగ్గర మొదలుపెట్టారు. నేను చెవి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే "మర్చిపోయాడు" అనేవాటిలో చాలావరకు అసలు వినపడనివి. చెవిలోకి సగమే చేరిన వాక్యాన్ని ఊహతో పూర్తి చేసుకోవడానికే మెదడు శక్తి అయిపోతుంది, దాచుకోవడానికి మిగలదు.

వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నని ధ్వనుల్ని తినేస్తుంది. స, శ, చ, త, క లాంటి హల్లులు పోతాయి, అచ్చులు బాగానే వినిపిస్తాయి. అందుకే "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. అరిచి చెబితే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు కావు. ఎదురుగా వచ్చి, ముఖం కనిపించేలా, కాస్త నెమ్మదిగా చెప్పాలి.

చేయాల్సింది ప్యూర్ టోన్ ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష. దానికి ముందు చెవిలో గులిమి ఉందేమో చూపించుకోవాలి. దూదిపుల్లలు గులిమిని లోపలికే తోస్తాయి. కర్ణభేరికి చిల్లు లేదని తేలితే మెత్తబరిచే చుక్కలు 3 నుంచి 5 రోజులు వేసి తీయించుకోవచ్చు. నష్టం ఉందని తేలితే వినికిడి యంత్రం. అమర్చేటప్పుడు సన్నని గొట్టం మైకు చెవిలో పెట్టి, యంత్రం నుంచి కర్ణభేరి దాకా ఎంత శబ్దం చేరుతోందో కొలిచే పరీక్ష ఉంటుంది. దాన్ని రియల్ ఇయర్ కొలత అంటారు. అది చేయమని అడగండి. అది లేకుండా కంప్యూటర్ అంచనా మీద వదిలేస్తే చాలామందికి సన్నని ధ్వనులు తక్కువే అందుతాయి, "పనిచేయట్లేదు" అని యంత్రం సొరుగులోకి పోతుంది.

మొదటి వారం ఇంట్లో ఒకరిద్దరితో మాటల్లో వాడాలి. తర్వాత టీవీ, ఆపైన నలుగురున్న గది. మూడో వారానికి లేచినప్పటి నుంచి పడుకునేదాకా పెట్టుకోగలగాలి. పెళ్ళికి మాత్రమే తీసి పెట్టుకుంటే హోరు తప్ప ఏమీ ఉండదు, మెదడు ఇంకా అలవాటు పడలేదు కాబట్టి. కీచుమంటే గులిమి నిండిందనో, చెవిలో పెట్టే రబ్బరు మూత సైజు సరిపోలేదనో అర్థం.

వేసవివాన
యంత్రం పెట్టుకుంటే డిమెన్షియా రాదని రుజువైందా?

శ్రుతిపేటిక
అంత గట్టిగా అనలేం. 2023లో అచీవ్ అనే అధ్యయనం వచ్చింది. 70 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు 977 మంది, మూడేళ్ళు. మొత్తం మీద చూస్తే తేడా కనపడలేదు. ముందే ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం, అంటే వయసు ఎక్కువై, బీపీ, షుగర్ లాంటివి ఉన్నవాళ్ళలో, ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం నెమ్మదించింది. ముప్పు తక్కువున్నవాళ్ళలో మూడేళ్ళలో తగ్గుదలే పెద్దగా లేదు, ఇక ఆపడానికేముంది? డిమెన్షియా సంగతి పక్కన పెట్టినా, నలుగురిలో కూర్చుని మాట అందుకోగలగడం చిన్న లాభం కాదు.

కంటిపాప
చెవితోపాటు కన్ను కూడా చేర్చండి. ముదిరిన శుక్లాలు తీయించుకోకుండా ఏళ్ళతరబడి నెట్టుకొచ్చేవాళ్ళున్నారు. మసకచూపుతో చదవడం మానేస్తారు, బయటికెళ్ళడం మానేస్తారు. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం, లాన్సెట్ కమిషన్, 2024లో సరిచేయని చూపు లోపాన్ని కూడా డిమెన్షియా ముప్పుల్లో కొత్తగా చేర్చింది.

మాత్రలసంచి
పరీక్షలకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో ఉన్న మందులన్నీ, చీటీ మీదవీ, చీటీ లేకుండా కొన్నవీ, చుక్కలు, పొడులు, విటమిన్లు, అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు దగ్గరో ఫార్మసిస్టు దగ్గరో బల్ల మీద గుమ్మరించండి. జాబితా రాసుకెళ్తే సగం వదిలేస్తారు.

వెతకాల్సింది అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే మందులు. జ్ఞాపకం ముద్రపడటానికి మెదడు వాడే రసాయనం అదే. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకోసం వాడే డైఫెన్‌హైడ్రమిన్, దురదకిచ్చే హైడ్రాక్సిజిన్, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనితనానికిచ్చే ఆక్సిబ్యుటినిన్, వణుకుకిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్. ఒక్కటైతే సరిపెట్టుకుంటుందేమో, ముగ్గురు డాక్టర్లు తలా ఒకటి రాస్తే బరువంతా ఒకే తల మీద పడుతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మసకచూపు, వాటితోపాటు మతిమరుపు కలిసి వచ్చాయంటే మొదటి అనుమానం వీటిమీదే.

రెండో గుంపు నిద్రమాత్రలు: ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, జోల్పిడెమ్. ఇవి ముద్రపడటాన్ని అడ్డుకుంటాయి, పైగా రాత్రి లేచినప్పుడు పడేస్తాయి. ఒక్కసారిగా మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. నెలలతరబడి వేసుకున్న ఆల్ప్రజోలామ్ ఠక్కున ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి కొద్దికొద్దిగా తగ్గించాలి.

మూడోది సోడియం. బీపీకిచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, ఇండపమైడ్, కుంగుబాటుకిచ్చే ఎస్‌సిటలోప్రామ్ లాంటివి కొందరు పెద్దవాళ్ళలో సోడియం తగ్గించేస్తాయి. కొత్తగా మొదలుపెట్టిన కొన్ని వారాల్లో మత్తు, తడబాటు వస్తే రక్తంలో సోడియం చూడాలి.

దీపకళిక
మెట్‌ఫార్మిన్ గురించి కూడా ఏదో అంటారు కదా?

మాత్రలసంచి
మెట్‌ఫార్మిన్ ఏళ్ళతరబడి వాడితే బి12 తగ్గుతుంది. గ్యాస్‌కి వాడే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కూడా అంతే. రెండూ కలిపి వాడేవాళ్ళు ఏడాదికోసారి బి12 చూసుకోవాలి. మిల్లీలీటరుకి 200 పికోగ్రాములకి తక్కువైతే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే అది అనుమానపు మెట్టు, మిథైల్‌మలోనిక్ ఆసిడ్ పరీక్షతో తేల్చుకోవచ్చు. రక్తహీనత లేకుండానే నరాలు, జ్ఞాపకం దెబ్బతినవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ బాగుందని వదిలేయకూడదు. ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపించి, నరాల నష్టం లోపల సాగిపోతుంటుంది. రోజుకు 1,000 మైక్రోగ్రాముల మాత్ర చాలామందికి చాలు. కాళ్ళు మొద్దుబారడం, నడక తూలడం ఉంటే ఇంజెక్షన్లే మొదలుపెడతారు.

ఇంకొకటి, జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవాళ్ళు థైరాయిడ్ పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. లేకపోతే టీఎస్‌హెచ్ అంకె తప్పుగా వస్తుంది.

లెక్కలపలక
ఈ పోస్టు ప్రింటు తీసి గోడకి అంటించుకోదగ్గది.

నడకదారి
కాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో 55 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 120 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచింది, రెండోది ఒళ్ళు సాగదీసే కసరత్తులు మాత్రం చేసింది. నడిచినవాళ్ళలో జ్ఞాపకానికి ముఖ్యమైన మెదడు భాగం హిప్పోకాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. నాకు అందులో నచ్చేది వాళ్ళు మొదలుపెట్టిన తీరు. మొదటి వారం 10 నిమిషాలే. వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకుంటూ ఏడో వారానికి 40. మొదటిరోజే గంట నడిచి మోకాళ్ళు పట్టేసి మానేసేవాళ్ళకి ఈ లెక్క పనికొస్తుంది.

చాలామంది నడకలో తప్పు వేగం. కబుర్లు చెప్పుకుంటూ తిరిగితే గుండె వేగమే మారదు. కొలత సులువు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. దానితోపాటు రెండు రోజులు కండబలం, మూడు రోజులు పడిపోకుండా ఒంటి తూకం నిలిపే కసరత్తులు. కండబలానికి కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద మడిచి లేవడం, కూర్చోవడం 10 సార్లు, మధ్యలో ఆగి మళ్ళీ 10. ధబాలున కూలబడకుండా దిగేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగాలి, కండ పనిచేసేది అక్కడే. తూకానికి గోడ పక్కన ఒక పాదం మడమ ముందు ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలవడం. ఛాతీ బిగుతు, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు ముందు గుండె చూపించుకున్నాకే.

గళ్ళరాణి
మోకాళ్ళు అరిగినవాళ్ళకి?

నడకదారి
కదలని సైకిల్, నీళ్ళలో నడక. ఊపిరి వేగం మారాలి, అంతే. ఏ యంత్రం మీద మారిందో హిప్పోకాంపస్ అడగదు.

పట్టీ120
బీపీని నిర్లక్ష్యం చేయకండి. నడివయసులో పెరిగిన బీపీయే ముసలితనంలో మెదడు సన్న రక్తనాళాల్ని తినేసేది. 2019లో స్ప్రింట్ మైండ్ అనే అధ్యయనం ఫలితాలొచ్చాయి. 9,361 మంది, పై అంకె 120కి తక్కువ ఉంచినవాళ్ళు ఒకవైపు, 140కి తక్కువ ఉంచినవాళ్ళు ఇంకోవైపు. స్వల్ప మతిమరుపు దశ, అంటే ఎంసీఐ, మొదటి జట్టులో 19 శాతం తక్కువ. డిమెన్షియాలో తేడా మాత్రం గట్టిగా తేలలేదు. షుగర్ ఉన్నవాళ్ళని, పక్షవాతం వచ్చినవాళ్ళని అందులో తీసుకోలేదు, అందుకే ఆ 120ని అందరికీ అంటించకూడదు.

ఇంట్లో కొలిచే తీరు సగం ఇళ్ళలో తప్పు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాళ్ళు అడ్డంగా వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అరగంట ముందునుంచి కాఫీ, పొగ ఉండకూడదు. మూత్రం ఆపుకుని కొలవకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రెండూ రాసుకోవాలి. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే బీపీ లేనివాళ్ళకి కూడా ఉన్నట్టు చూపిస్తుంది, లావు చేతులవాళ్ళు పెద్ద పట్టీ అడిగి తీసుకోవాలి.

నిద్రగన్నేరు
పట్టీ120 గారూ, మరీ తగ్గిస్తే పెద్దవాళ్ళు పడిపోతారు. తలకి దెబ్బ తగలడం కూడా డిమెన్షియా ముప్పే.

పట్టీ120
అందుకే నిలబెట్టి కూడా కొలవమనేది. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ 1 నిమిషానికి, 3 నిమిషాలకి ఇంకోసారి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే మందు మోతాదు, వేసుకునే వేళ డాక్టరుతో మాట్లాడాలి. షుగర్‌ది కూడా ఇదే కథ. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలతో, ఇన్సులిన్‌తో షుగర్ మరీ పడిపోవడం ముసలి మెదడుకి హాని. అందుకే బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ గురిని కాస్త సడలిస్తారు.

నిద్రగన్నేరు
పేరుకు తగ్గట్టు నిద్ర గురించి నేనే రాస్తాను. పగలు నేర్చుకున్నది గాఢనిద్రలో స్థిరపడుతుంది. 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో నిద్రపోయేటప్పుడు మెదడు కణాల మధ్య ఖాళీ సుమారు 60 శాతం పెరిగి, చెత్త ప్రొటీన్లు వేగంగా కడిగేయబడటం చూశారు.

పెద్దవాళ్ళలో తరచూ తప్పించుకుపోయే జబ్బు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పొద్దున తలనొప్పి, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, పగలు కూర్చున్నచోటే కునుకు. పక్కన పడుకునేవాళ్ళు రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి డాక్టరుకి వినిపిస్తే పది మాటల పెట్టు. నిద్ర పరీక్షలో గంటకి ఊపిరి ఆగిన, తగ్గిన సార్లు 5 లోపైతే మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గాలి ఒత్తిడితో ఊపిరి దారి తెరిచి ఉంచే సీపాప్ యంత్రం ఇస్తే, మాస్కు పక్కనుంచి గాలి కారడం చాలామంది మానేసే ఒక కారణం. నోరు తెరుచుకుని పడుకునేవాళ్ళకి ముక్కు మాస్కు తరచూ సరిపోదు, ముక్కూ నోరూ కప్పేది కావాల్సి రావచ్చు. నోరెండిపోతుంటే తేమ పెట్టె వేడి పెంచాలి.

ఆప్నియా లేకుండా ఉత్త నిద్రలేమి అయితే మాత్రలకంటే ముందు ఇది చూడండి. పడుకునే వేళకన్నా లేచే వేళని బిగించండి, రాత్రి ఎంతసేపు పట్టినా సరే పొద్దున అదే గంటకి లేవాలి. సుమారు 20 నిమిషాలు నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చాకే మళ్ళీ ఎక్కాలి. పగటి కునుకు అరగంట మించకుండా, మూడింటి లోపే. మొదటి రెండు వారాలు పగలు మత్తుగా ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ రెండు వారాలు దాటితేనే ఫలితం.

నిద్రలో అరవడం, కలలో కొట్లాటకి నిజంగా చేతులు కాళ్ళు విసరడం ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకి చెప్పాలి. పార్కిన్సన్స్, లెవీ బాడీ డిమెన్షియాకి అది ఏళ్ళ ముందే వచ్చే సూచన కావచ్చు.

వేసవివాన
చాలా పనికొచ్చే వివరాలు. కానీ అడిగిన మొదటి ప్రశ్న పేర్ల గురించి. దానికి సాధన ఎలా?

తెల్లకాగితం
చదివిందే మళ్ళీ చదవడం మానేసి, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవడం. కిటుకంతా ఇదే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చేసిన ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళే నయం, వారం తర్వాత చూస్తే తమను తాము పరీక్షించుకున్నవాళ్ళు ముందున్నారు. మళ్ళీ చదివితే "తెలుసు" అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం. ఎప్పుడు గుర్తుతెచ్చుకోవాలి అనేదానికి ఆధారం 1885లో ఎబ్బింగ్‌హాస్ గీసిన మరుపు రేఖ: మొదటి గంటల్లోనే ఎక్కువ జారిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకని మొదట దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా.

కొత్త మనిషి పేరు విన్నప్పుడు అసలు తప్పు జరిగేది మొదటి మూడు సెకన్లలో. ఎదుటివాళ్ళు పేరు చెబుతుంటే మనం ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుంటాం. పేరు లోపలికే పోలేదు, మర్చిపోవడానికి ఏముంది? సరిగ్గా వినపడకపోతే అక్కడే మళ్ళీ అడగండి. పేరు పలికి మాట మొదలుపెట్టండి. ముఖంలో ఒక గుర్తు పట్టుకుని పేరుకి ముడివేయండి, ఎంత వింతగా ఉంటే అంత నిలుస్తుంది. తర్వాత 30 సెకన్లకి మనసులో అడుక్కోండి, 2 నిమిషాలకి, 10 నిమిషాలకి, పడుకునేముందు, మర్నాడు, మూడోరోజు, వారానికి. ప్రతిసారీ ముందు గుర్తుతెచ్చుకునే ప్రయత్నం, ఆ తర్వాతే కాగితం చూడటం. మధ్యలో ఒకసారి తప్పితే ఆ దూరాన్ని సగం చేసి మళ్ళీ పెంచండి.

గళ్ళరాణి
పేరు నాలుక మీద ఆడుతూ బయటికి రానప్పుడో?

తెల్లకాగితం
తప్పు పేరుని పట్టుకుని వేలాడకండి, అదే దారికి అడ్డం. మొదటి అక్షరం క, చ, ట, త, ప అని వర్ణమాల వరసగా మనసులో తిప్పండి. రాకపోతే వదిలేయండి, కాసేపటికి వస్తుంది. వచ్చాక రెండుసార్లు పైకి అనండి.

తాళాలు, గ్యాస్ కట్టడం లాంటివి జ్ఞాపకం కాదు, ధ్యాస. చేతులు వాటంతట అవే చేసేశాయి, మెదడు నమోదు చేసుకోలేదు. తాళం వేస్తూ "తాళం వేశాను" అని పైకి అనండి. పైకి అన్న మాట మనసులో అనుకున్నదానికన్నా గట్టిగా నిలుస్తుంది. తాళాలకి ఒక్కటే చోటు, రెండో చోటు అసలు ఉండకూడదు. మాత్రలకి "8 గంటలకి" అని పెట్టుకుంటే జారిపోతుంది, "పళ్ళు తోముకున్నాక" అని ఎప్పుడూ తప్పని పనికి ముడివేస్తే జారదు. ఏడు గళ్ళ మాత్రల డబ్బా తప్పనిసరి, వేసుకున్నామా లేదా అనే ప్రశ్నకి గడే జవాబు చెబుతుంది.

దీపకళిక
ఇవన్నీ బాగున్నవాళ్ళకి. ఒకే ప్రశ్న గంటలో పదిసార్లు అడిగే దశకి వచ్చినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళ చేత కూడా "గుర్తుతెచ్చుకో, గుర్తుతెచ్చుకో" అనిపించాలా?

తెల్లకాగితం
వద్దు, అక్కడ పద్ధతి తిరగబడుతుంది. మనకి తప్పు జవాబు చెప్పి దిద్దుకుంటే నష్టం లేదు, ఎందుకంటే దిద్దిన సంగతి గుర్తుంటుంది. వాళ్ళకి దిద్దిన సంగతి పోయి, నోట వచ్చిన తప్పే మిగిలిపోతుంది. కాబట్టి ఊహించనివ్వకూడదు. సమాధానం ముందే మనం చెప్పి, వెంటనే అడిగి, సరిగ్గా చెప్పాక 15 సెకన్లకి, 30కి, నిమిషానికి, 2 నిమిషాలకి అలా పెంచాలి. ఒకసారికి ఒక్క విషయమే. మాత్రల డబ్బా ఎక్కడుంది, ఊతకర్ర ఎలా పట్టుకోవాలి లాంటి రోజూ అవసరమైనది. "ఇందాకే చెప్పానుగా" అనే మాట వాళ్ళని నొప్పిస్తుంది తప్ప ఏమీ నేర్పదు.

మాత్రలసంచి
దీపకళిక గారు అడిగినదానికి ఇంకో వైపు. అది ఎప్పటినుంచి మొదలైంది? రెండేళ్ళుగా మెల్లగానా, మొన్న మంగళవారం నుంచా? రోజుల్లో, గంటల్లో వచ్చిన తికమక, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండటం, మత్తు లేదా అకారణ ఆందోళన, ఇది డెలీరియం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం బిగిసిపోవడం, కొత్త మందు, ఏదో ఒకటి వెనక ఉంటుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, "వయసు కదా" అని ఆగకూడదు.

నడకదారి
చిన్న పడటాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి తల గట్టిగా కొట్టుకోకపోయినా పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరవచ్చు. మూడు నాలుగు వారాల తర్వాత మతి తడబాటు, తలనొప్పి, ఒకవైపు బలహీనతగా బయటపడుతుంది. సీటీ స్కాన్‌లో తేలుతుంది, తీసేస్తే చాలామంది కోలుకుంటారు. అలాగే పాదాలు నేలకి అంటుకుపోయినట్టు ఈడ్చే నడక, మూత్రం ఆగకపోవడం, మతిమరుపు మూడూ కలిస్తే మెదడు గదుల్లో నీరు చేరిందేమో చూడాలి. ఇందులో తరచూ ముందు చెడేది నడకే.

కంటిపాప
కుంగుబాటు కూడా మతిమరుపులానే కనిపిస్తుంది. తేడా జవాబుల్లో ఉంటుంది. కుంగినవాళ్ళు ప్రయత్నం కూడా చేయకుండా "నాకు తెలీదు" అంటారు, తమ మతిమరుపు గురించి తామే బాధపడతారు. అల్జైమర్స్‌లో తరచూ మనిషి "నాకేం లేదు" అంటాడు, కంగారుపడేది ఇంట్లోవాళ్ళు.

వేసవివాన
ఇంట్లోనే చిన్న పరీక్ష ఏదైనా చేసి చూడొచ్చా? గడియారం గీయించడం అంటారు కదా.

లెక్కలపలక
డాక్టర్లు చేసే మినీ కాగ్ అనే చిన్న జ్ఞాపకశక్తి పరీక్షలో అదే. మూడు పదాలు చెప్పి, గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు పెట్టమని, మళ్ళీ ఆ మూడు పదాలు అడుగుతారు. పది చూసి ముల్లుని 10 మీదే పెట్టేయడం తరచూ కనిపించే తప్పు. కానీ ఇంట్లో చేయకండి. రెండుమూడుసార్లు చేస్తే పదాలూ గడియారమూ వచ్చేస్తాయి, తర్వాత డాక్టరు చేసినప్పుడు ఫలితం మామూలుగా వచ్చి అసలు సమస్య దాగిపోతుంది. మోకా అనే ఇంకో జ్ఞాపకశక్తి పరీక్ష 30 మార్కులకి, 26 మామూలు గీత అంటారు, కానీ తక్కువ చదువుకున్నవాళ్ళు జబ్బేమీ లేకుండానే దానికి కిందికి వస్తారు. ఒక్క అంకె చూసి ముద్ర వేయకూడదు.

ఇంట్లో చేయాల్సింది ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి జరిగినవి రాయడం. "మర్చిపోతున్నాడు" అని కాదు, "12వ తేదీ, కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారు" అని. డబ్బు లెక్కలు, మాత్రలు, తెలిసిన దారి, ఫోన్ వాడటం, ఈ నాలుగిట్లో ఏది చెడింది, ఎప్పటినుంచి. పేరు గుర్తురాక గంటకి గుర్తొస్తే అది వయసు. ఇరవై ఏళ్ళుగా తిరిగిన వీధిలో దారి తప్పితే అది చూపించుకోవాల్సిన విషయం. ఆ పుస్తకం, మాత్రల సంచి, రోజూ కలిసి ఉండే మనిషి, మూడూ డాక్టరు గదిలోకి వెళ్ళాలి.

గళ్ళరాణి
ఇన్ని చెప్పారు, ఇందులో ముందేది? అన్నీ ఒకేసారి ఎవరివల్లా కాదు.

పట్టీ120
2015 నాటి ఫిన్లాండ్ అధ్యయనం ఫింగర్‌లో అన్నీ కలిపే చేయించారు. 60 నుంచి 77 ఏళ్ళవాళ్ళు 1,260 మంది, రెండేళ్ళు, తిండి, కసరత్తు, మెదడు సాధన, బీపీ షుగర్ల అదుపు. ఫలితం నిజంగానే వచ్చింది, పెద్దది కాదు కానీ వచ్చింది. లాన్సెట్ కమిషన్ 2024లో 14 ముప్పులు లెక్కేసి, అన్నీ పూర్తిగా తొలగించగలిగితే డిమెన్షియాలో దాదాపు 45 శాతం ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని అంచనా కట్టింది. పొగ, మద్యం, ఒంటరితనం, చెడు కొలెస్ట్రాల్ కూడా అందులోవే. వరస నన్నడిగితే మందుల సంచి ముందు, ఒక్కరోజు పని. తర్వాత చెవి, బీపీ. నడక ఈ వారమే 10 నిమిషాలతో.

నిద్రగన్నేరు
నా వరసలో గురక రెండోది. మిగతాదంతా ఒప్పుకుంటాను.

వేసవివాన
జ్ఞాపకశక్తికని అమ్మే జింకో అనే చెట్టు ఆకుల మాత్రలు ఎవరూ చెప్పలేదే?

మాత్రలసంచి
చెప్పకపోవడానికి కారణం ఉంది. 75 దాటిన 3,069 మందిలో సుమారు సగం మందికి 120 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మిగతావాళ్ళకి మందు లేని ఉత్త మాత్ర, ఏళ్ళతరబడి ఇచ్చి చూశారు, 2008లో ఫలితం అచ్చయింది. డిమెన్షియా తగ్గలేదు. రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం భయం కూడా ఉంది. ఇప్పటికే వేసుకుంటుంటే అది కూడా ఆ సంచిలోకే.

వేసవివాన
సరే, రేపు సంచి సర్దుతాను. బీపీ ఏ చేతికి చూడాలి?

పట్టీ120
మొదటిసారి రెండు చేతులకీ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇకమీదట ఆ చేతికే. రెండింటి మధ్య తేడా ప్రతిసారీ 15 దాటుతుంటే ఆ అంకెలు కూడా రాసుకెళ్ళి డాక్టరుకి చూపించండి.